కావలికట్టె వంతు

గోదావరి ఒడ్డున, బాబ్లీకి కొంచెం ఇవతల, మిర్చి బజారు, రైలు స్టేషను ఉన్న మా చిన్న పట్నంలో ఒక మ్యూజియం ఉండేది. పల్లెటూరి బతుకు మీద, మా చుట్టుపక్కల ఊళ్ల పాత సంగతుల మీద పెట్టిన మ్యూజియం. దాన్ని పెట్టిన నలుగురిలో నేనొకణ్ణి. ఈ మాట విని ఎవరైనా "ఎంత మంచి పని చేశారు సార్" అంటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు మర్యాదకే అంటారు, నాకూ తెలుసు. అయినా మండుతుంది.

సంగతి డెబ్బైల నడుమ మొదలైంది. అప్పటికి నేను ఆ పట్నంలోని మరాఠీ బడిలో పంతులుగా చేరి నాలుగేళ్లు. మా ఊరు అక్కడికి రెండు కోసుల దూరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో ఉర్దూ కలిసిన హిందీ. మా వైపు అందరి నోళ్లూ ఇంతే. మా ఊరి పటేలు పెద్దకొడుక్కి పట్నంలో రైతుల పంట అమ్మిపెట్టే అడతి దుకాణం ఉండేది. ఆయన ఒకసారి పుణే పోయి, అక్కడెక్కడో పాత దీపాలు, కుండలు, తలుపులు వరసగా పెట్టి చూపిస్తుంటే చూసి, మనసు కరిగి వచ్చాడు. మన పల్లెటూరి బతుకు మాయమైపోతోంది, మనమే కాపాడుకోవాలి అని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. మా ఊళ్లో మొదటి ట్రాక్టరు ఆయనదే. మోట తీసేసి బావికి మొదట ఇంజను పెట్టిందీ ఆయనే. మాయం చేసినవాడికే కాపాడాలన్న బెంగ పుట్టడం నాకప్పుడు వింతగా తోచలేదు. పైగా సంతోషపడ్డాను.

సమితి ఒకటి ఏర్పడింది. ఆయన అధ్యక్షుడు. ఒక వకీలు, ఒక మందుల దుకాణం షావుకారు సభ్యులు. నేను కార్యదర్శిని. నన్నెందుకు పెట్టుకున్నారంటే, నా మరాఠీ చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఒక కారణం, ఎండలో సైకిలు తొక్కి ఊళ్లు తిరిగేవాడు ఒకడు కావాలన్నది అసలు కారణం. నేను మాత్రం మూడోది ఊహించుకున్నాను. మా తరం వచ్చింది, మా వాడ నుంచి కూడా ఒకడు కుర్చీలో కూర్చుంటున్నాడు అనుకున్నాను. అధ్యక్షుడు నన్ను "గురుజీ" అనేవాడు. "మీరు" అనేవాడు. వాళ్ల నాన్న మా బాపును "అరే" అని తప్ప పిలిచి ఎరగడు. ఆ రెండు మాటలకు నేను ఎంత చవగ్గా అమ్ముడుపోయానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూతపడ్డ జిన్నింగు ఫ్యాక్టరీ గోదాములో ఒక గది మాకు దొరికింది. సెలవురోజుల్లో నేను సైకిలు వేసుకుని వస్తువుల కోసం తిరిగాను. జనం అడ్డమున్నవన్నీ ఇచ్చారు. విరిగిన గొర్రు, ఎలుకలు కొట్టిన మోట, చిమ్నీ లేని కందిలి, ఎవరికీ పొత్రం దొరకని రోలు. ఒక ముసలమ్మ ధాన్యం పోసుకునే వెదురు గుమ్మి, పగిలింది, ఇస్తూ, "దీన్ని ఏం జేస్తవ్ బిడ్డా?" అని అడిగింది. జనం వచ్చి చూస్తారన్నాను. "చూసెటోళ్ల ఇండ్లల్ల గుమ్మి లేదా?" అంది. నేను నవ్వాను. ఆమెకు చదువు లేదు కాబట్టి మ్యూజియం అంటే తెలియదనుకున్నాను.

గది సగం నిండింది. అధ్యక్షుడికి తృప్తి లేదు. "ఇవన్నీ ప్రతి ఊళ్లో ఉన్నవే గురుజీ. మన ఊరిదే అయినదొకటి కావాలి" అని, కొంచెం ఆగి, "మీ ఇంట్లో కావలికట్టె ఉంది కదా?" అన్నాడు.

ఉంది. దాని గురించి చెప్పాలి.

మా వాడలో ఏడిళ్లు. ఊరికి తూర్పున, విడిగా. ఎవరికీ గుంటెడు భూమి లేదు. అందరం కూలివాళ్లం. నిజాం కాలం నుంచి, అంతకుముందు నుంచి కూడా, ఊరి కావలి మా ఏడిళ్లదే. ఏడాదికి ఒక ఇల్లు. ఆ ఏడాది ఎవరి వంతైతే వాళ్లింట్లో కావలికట్టె ఉంటుంది. మనిషెత్తు తునికి కర్ర, కింద ఇనుప పొన్ను, పైన ఐదు గజ్జెలు. కట్టె పట్టినవాడు ఊరికి వచ్చిన అధికారుల ముందు నడవాలి, పటేలు పిలిస్తే పరుగెత్తాలి, చచ్చిన పశువును ఈడ్చాలి, చావు కబురు పక్క ఊళ్లకు మోయాలి. నడిచేటప్పుడు గజ్జెలు మోగాలి, ఎందుకంటే మేము వస్తున్నామని తెలిస్తే ఊళ్లోవాళ్లు పక్కకు జరుగుతారు. దీనికి బదులు ఆ ఇంటి ఆడమనిషి పొద్దుగూకే వేళ గంప పట్టుకుని గడపగడపకూ పోయి రొట్టె అడుక్కోవచ్చు. దాన్ని ఊళ్లోవాళ్లు మా హక్కు అనేవారు.

మా వంతు వచ్చిన ఏడాది నేను మూడో తరగతి. మా అవ్వ, అంటే అమ్మ, తెచ్చిన జొన్నరొట్టెలు రంగురంగులుగా ఉండేవి, కొన్ని తెల్లవి, కొన్ని మాడినవి, కొన్ని నిన్నటివి. మధ్యాహ్నం బడిలో నేను రొట్టె కట్టిన బట్ట విప్పితే పక్కన కూర్చున్నవాడు తొంగి చూసి, "గది మా ఇంటి రొట్టె" అనేవాడు. తన తల్లి చేతి రొట్టెను వాడు సరిగానే గుర్తుపట్టేవాడు. నేను తినడం ఆపి నీళ్లు తాగి వచ్చేవాణ్ణి.

కట్టె చేతులు మారడానికి ఒక పద్ధతి ఉండేది. ఉగాది పొద్దున కట్టెను కడిగి పసుపు రాసేవారు. కట్టె నేల మీద పడుకోకూడదు. ఇచ్చేవాడు రెండు చేతులతో చాచి, "మా వంతు తీరింది" అనాలి. తీసుకునేవాడు రెండు చేతులతో పట్టుకుని, "మా వంతు అచ్చింది" అనాలి. ఆ మాట నోటితో అనేదాకా వంతు మారినట్టు కాదు. మా తాత కాలంలో ఒకాయనకు జ్వరమొచ్చి మాట పడిపోతే, ముందున్న ఇంటివాడు ఇంకో నెల కావలి తిరిగాడట, అవతలివాడికి నోరొచ్చేదాకా. మా వాళ్లు అంత నిక్కచ్చి మనుషులు. పరాయివాడి చాకిరీలో ఇంత నిక్కచ్చిగా ఉన్నవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

మా వంతు నడిచిన ఆ ఏడాది ఫాల్గుణంలో మా అవ్వ గంపలో ఎవరో పాచిపోయిన రొట్టె కింద గొడ్డు పేడ పెట్టి వేశారు. పరాచికానికేనట. వాడ మొత్తం మా పెదనాయిన ఇంటి ముందు కూర్చుంది. ఇక చాలన్నారు. ఉగాది నుంచి ఎవరూ కట్టె పట్టొద్దు, ఎవరూ రొట్టెకు పోవద్దని ఒట్టు పెట్టుకున్నారు. నా బతుకులో మా వాళ్లు చేసిన గొప్ప పని అది, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కానీ కట్టెను ఏం చేయాలన్న దగ్గర అందరికీ భయం పట్టుకుంది. తరతరాలుగా పసుపు రాసిన కట్టె. విరగ్గొడితే అమ్మవారికి కోపం, గంగలో వేస్తే గంగమ్మకు కోపం. పెదనాయినది తరువాతి వంతు. ఆయన ఒట్టు పెట్టుకున్నాడు, పట్టడు. అలా కట్టె ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది. మా ఇంట్లో, దూలానికి ఆనించి.

అందరూ బరువు దించుకున్నారు, మా బాపు తప్ప. ఊరికి కావలి ఆగిపోయింది, ఎవరూ ఆయన్ని పిలవలేదు. అయినా పద్ధతి ప్రకారం ఆయన వంతు తీరలేదు. వాడలో ఏ చిన్న తగవు వచ్చినా, కల్లు తాగినప్పుడు ఏ చిన్న మాట పడినా, "మీ వంతు ఇంక ఒడువలేదుపో" అనేవారు. అన్నవాళ్లు నవ్వేవారు. బాపు నవ్వేవాడు కాదు. పదిహేనేళ్లపాటు ప్రతి ఉగాదికీ ఆయన మా పెదనాయిన ఇంటి వైపు ఒకసారి చూసి లోపలికి వచ్చి కూర్చునేవాడు. బుద్ధున్నవాడైతే ఆ కర్రను పొయ్యిలో పెట్టేవాడని నేను కాలేజీ రోజుల్లో అనుకునేవాణ్ణి. ఒకసారి పైకి కూడా అన్నాను. ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అందుకే అధ్యక్షుడు అడగ్గానే నాకు దారి దొరికినట్టయింది. మ్యూజియంలో పెడితే అది ఇక చరిత్ర. ఎవరి వంతూ కాదు. మా బాపు తేలికపడతాడు.

బాపు అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. చెప్పాను.

"మ్యూజియమంటె ఏంది?"

"పాతయి పెట్టే జాగ బాపు. అండ్ల వెట్టినయి మళ్ల ఎవ్వలు వాడరు."

"అంటె కట్టె అవుతలికి పోతె మళ్ల రాదా?"

"రాదు."

ఆయన తాడు పక్కన పెట్టాడు. "ఎవ్వలు పట్టుకుంటరు?"

"ఎవ్వలు పట్టుకోరు. గోడకు తగిలిస్తరు."

"తగిలిచ్చుడు తర్వాత సంగతి. ముందుగాల నా చేతులకెల్లి తీస్కునేటోడు ఎవ్వడు?"

నేను ఆలోచించకుండా, "అధ్యక్షుడు" అన్నాను.

"పటేలు కొడుకా?"

"ఔ."

"మాట చెప్తడా?"

"చెప్తడు బాపు. ఎందుకు చెప్పడు?"

ఆయన నా ముఖం చూశాడు. తర్వాత నవ్వాడు. దూలం వైపు తల తిప్పి, "గట్లయితె ఇస్త" అన్నాడు. ఆ సాయంత్రమే వాడంతా తిరిగి చెప్పుకొచ్చాడు. పటేలు కొడుకు రెండు చేతులు చాపి కావలికట్టె అందుకుంటాడు, మా వంతు అచ్చింది అంటాడు. నమ్మనివాళ్లకు, "నా కొడుకు చెప్పిండు, సమితిల ఉన్నడు" అని నా పేరు చెప్పాడు.

నేను అధ్యక్షుడిని అడిగానా? అడిగాననే అనుకున్నాను. "మా బాపు తన చేత్తో మీకు ఇస్తాడట" అన్నాను. "వా! ప్రారంభానికి ఔరంగాబాద్ నుంచి వచ్చే పెద్దాయన ముందర ఇప్పిద్దాం" అన్నాడాయన. మాట సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఏమంటాడో నాకు తెలుసు కాబట్టే ఎత్తలేదు. తీరా ఆ సమయానికి ఎలాగో గడిచిపోతుందిలే అనుకున్నాను. చదువుకున్న పిరికివాళ్లకు ఈ 'ఎలాగో' ఒకటి ఎప్పుడూ జేబులో ఉంటుంది.

ప్రతి వస్తువు కిందా పెట్టడానికి చీటీలు నేనే రాశాను. కట్టె కింద చీటీలో మరాఠీలో ఇలా రాశాను: "ఇది పట్టినవాడు ఏడాది పొడుగునా ఊరికి జీతం లేని చాకిరీ చేసేవాడు. వాడి భార్య ఇంటింటికీ రొట్టె అడుక్కునేది." అధ్యక్షుడు చదివి నెమ్మదిగా కొట్టేశాడు. కోప్పడలేదు. "మ్యూజియంలో ఏడుపు ఎందుకు గురుజీ, వచ్చినవాళ్లు సంతోషంగా పోవాలి" అని, తనే చెప్పి రాయించాడు: "గ్రామరక్షకుని గౌరవ దండం." రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

ప్రారంభం రోజు బాపు తెల్లవారకముందే లేచి కట్టె కడిగి పసుపు రాశాడు. గజ్జెలకు పాతబట్ట చుట్టాడు. ఇంకెప్పుడూ తన చేతిలో అవి మోగకూడదని ఆయన ఒట్టు. తెల్లటి ధోతి, నేను కొనిచ్చిన కమీజు వేసుకున్నాడు. రెండు కోసులు నడిచే వచ్చాడు. వెనక పెదనాయిన, వాడ మగవాళ్లు, నలుగురైదుగురు ఆడవాళ్లు. బండిలో రమ్మంటే వినలేదు. నేను గోదాము వాకిట్లో తోరణాలు కట్టిస్తుంటే వాళ్లు వస్తూ కనిపించారు. పెళ్లికి వస్తున్నవాళ్లలాగే ఉన్నారు. 

ఔరంగాబాద్ పెద్దాయన జానపదుల మీద పుస్తకాలు రాసిన మనిషి. మంచివాడు. మోట దగ్గర ఆగాడు, గుమ్మి తట్టి చూశాడు, ఫొటోలు తీసుకున్నాడు. చివరికి కట్టె వంతు వచ్చింది. అధ్యక్షుడు మెళ్లో దండతో నిలబడ్డాడు. బాపు ముందుకు వచ్చి, రెండు చేతుల మీద కట్టె అడ్డంగా పెట్టుకుని, చాచి, గట్టిగా అన్నాడు:

"మా వంతు తీరింది."

అధ్యక్షుడు చేతులు జోడించి నవ్వాడు. తల ఊపాడు. గోడకు కొట్టిన మేకు వైపు చెయ్యి చూపించి, అక్కడ తగిలించమన్నాడు.

బాపు కదల్లేదు. చేతులు అట్లాగే ఉన్నాయి.

పెద్దాయన నా వైపు తిరిగి, "ఏమంటున్నారు ఈయన?" అని మరాఠీలో అడిగాడు.  "సంతోషంగా ఇస్తున్నానంటున్నారు" అన్నాను.

మా బాపుకు మరాఠీ రాదనుకున్నట్టు అన్నాను! ఆయన జీవితమంతా మరాఠీలోనే తిట్లు తిన్నాడు. నా మాట అయ్యేదాకా ఆగి, నా వైపు ఒక్కసారి కూడా చూడకుండా, ఈసారి అధ్యక్షుడి కళ్లలోకి చూస్తూ మరాఠీలో చెప్పాడు. "ఆమ్చీ పాళీ సర్లీ." మా వంతు తీరింది. ఇప్పుడు అర్థం కానివాడు ఆ గదిలో ఎవడూ లేడు.

అధ్యక్షుడి నవ్వు మెల్లగా పోయింది. ఆయన మా ఊరి పటేలు కొడుకు. ఆ మాటకు బదులు ఏమనాలో, అది అన్నవాడు ఏమవుతాడో ఆయనకు బాగా తెలుసు. వకీలు గొంతు సవరించుకున్నాడు. షావుకారు వాకిలి దగ్గరికి పోయి బయటికి చూశాడు. వాకిట్లో మా వాడవాళ్లు మెడలు చాపి చూస్తున్నారు. బాపు చేతులు వణకడం మొదలైంది. అరవై దాటిన మనిషి, రెండు కోసులు మోసుకొచ్చాడు. కింద పెట్టకూడదు.

అప్పుడు అధ్యక్షుడికి తోచింది. ముఖం విప్పారింది. "అరే, కార్యదర్శి మీరే కదా! సంస్థ తరఫున మీరే తీసుకోవాలి. తీసుకోండి గురుజీ" అన్నాడు.

అది కుట్ర అని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోను. ఆయనకు అంత ఆలోచన లేదు. చెయ్యి అంటకుండా తప్పుకోవాలి, అంతే. తప్పుకోవడానికి మేము ఎప్పుడూ దగ్గరలోనే ఉంటాం.

బాపు ఇప్పుడు నా వైపు చూశాడు. వద్దని తల అడ్డంగా ఊపాడు. చాలా కొంచెం ఊపాడు, నాకు మాత్రమే తెలిసేలా. ఆ తల ఊపును నేను చూశాను. చూడలేదని ఇంతకాలం అవ్వకు, పెదనాయినకు, అందరికీ చెప్పాను. చూశాను. కానీ ఆ గది, ఆ కెమెరా, నా బడి పెద్దలు, అందరూ ఎదురుచూస్తున్నారు. మా బాపు ఒక కర్ర పట్టుకుని మొండిగా నిలబడ్డాడు. నాకు సిగ్గేసింది. మా బాపును చూసి సిగ్గేసింది. ముందుకు పోయి కట్టె పట్టుకున్నాను.

ఆయన వదల్లేదు. కొంచెం లాగాల్సి వచ్చింది.

పెద్దాయనకు ఇదంతా ఆచారంలో భాగమనిపించింది కాబోలు, ముచ్చటపడిపోయాడు. "తీసుకునేవాళ్లు కూడా ఏదైనా అనాలా?" అని అడిగాడు. అధ్యక్షుడు హుషారుగా, అనాలనాలన్నాడు. ఆ మాట సంగతి ఆయనకు తెలుసునని అప్పుడు అందరికీ అర్థమైంది. నేను అన్నాను. "మా వంతు అచ్చింది" అన్నాను. గజ్జెల మీద బట్ట విప్పించారు. ఫొటో సరిగ్గా రాలేదేమోనని పెద్దాయన మళ్లీ ఒకసారి అనమన్నాడు. మళ్లీ అన్నాను. చప్పట్లు కొట్టారు.

నేను మేకుకు తగిలించి వెనక్కి తిరిగేసరికి వాకిట్లో మా వాడవాళ్లు లేరు. మిఠాయి పొట్లాలు పంచుతున్నారు, ఒక్కరూ ఆగలేదు.

ఇంటికి పోయేసరికి అవ్వ వాకిట్లో నిలబడి ఉంది. కట్టె పోయిందని ఆమె పొద్దుననే దూలం దగ్గర అలికి ముగ్గు వేసింది. బాపు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అవ్వ ఆయన్ని ఏమైందని అడిగితే ఒకే మాట చెప్పాడట. "కట్టె ఇంట్లకెల్లి పోలేదు."

తర్వాత ఎనిమిదేళ్లు నేను ఆ మ్యూజియానికి కార్యదర్శిగా ఉన్నాను. వదిలెయ్యొచ్చు కదా అంటారు. వదల్లేదు. ఎవరైనా అధికారో, ఏ నాయకుడి బావమరిదో పట్నానికి వస్తే అధ్యక్షుడి దుకాణం నుంచి బడికి కబురొచ్చేది. నేను పాఠం మధ్యలో ఆపి తాళంచెవి తీసుకుని పోయి గది తెరిచేవాణ్ణి. మోట చూపించేవాణ్ణి, గుమ్మి చూపించేవాణ్ణి. చివర్లో ఆయన, "గురుజీ, కొంచెం మోగించి చూపించండి" అనేవాడు. నేను కట్టె మేకు మీది నుంచి తీసి, గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూపించేవాణ్ణి. అతిథులు వెనక నడిచేవారు. అధికారుల ముందు గజ్జెలు మోగిస్తూ నడవడం! మా బాపు తన వంతు ఏడాదిలో చేసిన పని. ఆయనకు కనీసం రొట్టె ఇచ్చారు.

మొదటిసారి చేసిన రోజు ఇంటికి వచ్చి వాంతి చేసుకున్నాను. రెండోసారి చేసుకోలేదు. అలవాటైపోయింది. అన్నిటికన్నా నాకు చేదుగా ఉండేది ఇదే.

బాపు ఆ మ్యూజియం గడప మళ్లీ తొక్కలేదు. నాతో మాట్లాడటం మానేశాడనుకోవద్దు, మాట్లాడేవాడు. వానల గురించి, జొన్నల ధర గురించి, అవ్వ మోకాళ్ల నొప్పి గురించి. ఉగాది పొద్దున మాత్రం నేను కాళ్లకు మొక్కితే తల మీద చెయ్యి పెట్టి, ఏమీ అనేవాడు కాదు. అంతకుముందు, పెద్దోడివి కావాలె బిడ్డా, అనేవాడు. వాడలోవాళ్లు ఆయన్ని ఎగతాళి చేయడం ఆపేశారు. అది దయతోనే ఆపారు, దానికి ఆయన ఇంకా కుంగిపోయాడు.

ఎనభైల మొదట్లో నాకు బదిలీ అయ్యింది. కిన్వట్ పక్కన గోకుందకు. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నా స్థానంలో లాతూరు వైపు నుంచి ఒక కుర్ర పంతులు వచ్చాడు. మరాఠీ తప్ప ఇంకో మాట రాదు. అధ్యక్షుడు అతన్నే కార్యదర్శిని చేశాడు. ఒక ఆదివారం గోదాములో నేను అతనికి వస్తువులన్నీ అప్పగించాను. జాబితా చదువుతూ పోయాను. అతను ఒక్కో వస్తువునూ చేత్తో తట్టి, పక్కన సంతకం పెడుతూ వచ్చాడు. గొర్రు, సంతకం. కందిలి, సంతకం. కట్టె దగ్గరికి వచ్చాం. నేను దాన్ని మేకు నుంచి తీసి రెండు చేతులతో చాచాను. ఎందుకు చాచానో నాకే తెలియదు, మిగతావేవీ అట్లా ఇవ్వలేదు. అతను చీటీ చదివాడు. నన్ను చూశాడు. నా ఊరు ఏదో, నా వాడ ఏదో అప్పటికే ఎవరో చెప్పి ఉంటారు. "దాన్ని అక్కడే ఉంచండి సర్, మీరే తగిలించండి" అని మర్యాదగా అన్నాడు. జాబితాలో మాత్రం సంతకం పెట్టాడు.

తగిలించి, తాళంచెవి ఇచ్చి, ఇంటికి వచ్చాను.

బాపుకు అప్పటికి చూపు బాగా మందగించింది. అరుగు మీద ఎండలో కూర్చున్నాడు. నా అడుగుల చప్పుడు విని తల ఎత్తాడు. బదిలీ సంగతి, కొత్త పంతులు సంగతి అవ్వ ముందే చెప్పి ఉంది.

"అప్పజెప్పినవా?" అన్నాడు. ఎనిమిదేళ్లలో ఆ మాట ఎత్తడం అదే మొదలు.

"అప్పజెప్పిన బాపు."

"కట్టె?"

"కట్టె గూడ."

"చేతుల పట్టుకున్నడా?"

ఆయన ముఖం ఎట్లా ఉందో నేను చెప్పలేను. పదిహేనేళ్లు తన వంతు తీరాలని ఎదురుచూశాడు, ఎనిమిదేళ్లు నాది తీరాలని. ఆ మసక కళ్లు నేనున్న దిక్కుకు కొంచెం పక్కగా చూస్తున్నాయి.

"పట్టుకున్నడు" అన్నాను.

"రెండు చేతుల?"

"రెండు చేతుల."

"మాట చెప్పిండా?"

"చెప్పిండు బాపు. మా వంతు అచ్చింది అన్నడు."

ఆయన పెదవులు కదిలాయి. ఆ మాటను లోపల ఒకసారి అనుకున్నట్టున్నాడు. చెయ్యి చాపి తడిమి నా మోకాలు పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు.

"ఆ పంతులుకు తెలుగు రాదన్నరు గద బిడ్డా."